అప్‌డేట్: పిల్లి తోక కింద బియ్యపు గింజల్లాంటివి, తగ్గిపోయాయి

రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను: మా రెండు పిల్లుల తోక కింద బియ్యపు గింజల్లాంటివి అంటుకుని మెల్లగా కదులుతున్నాయి, నులిపురుగుల సిరప్ రెండుసార్లు పట్టినా మళ్లీ వస్తున్నాయి అని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు ఒంటిమీద దూకే పేలు (ఫ్లీస్) ఉన్నాయేమో చూడండి" అన్నవాళ్ల మాటే నిజమైంది.

తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు నడుము దగ్గర బొచ్చు విడదీసి, అక్కడున్న నల్ల నలుసుల్ని తడి దూదితో అద్దితే దూది ఎర్రబడింది. అది పేల రెట్ట, తాగిన రక్తమే! పిల్లి ఒళ్లు నాక్కుంటూ ఆ దూకే పేలను మింగితే కడుపులో బద్దెపురుగు పెరుగుతుందట, ఆ బియ్యపు గింజల్లాంటివి దాని ముక్కలే. మేం పట్టిన సిరప్ పైరాంటెల్. అది ఏలికపాములు, కొంకిపురుగులకే గానీ దీనికి పనిచేయదు. బరువు చూసి ప్రాజిక్వాంటెల్ మాత్ర ఇచ్చారు, రెండింటికీ అదే రోజు మెడ వెనక పేల మందు వేశారు. అవి పడుకునే గుడ్డలన్నీ వేడినీళ్లలో ఉతికాం. ఆరు వారాలైంది, ఒక్క గింజ కనబడలేదు.

పెరుగన్నం మాన్పించడం, గుమ్మడి గింజల పొడి వల్ల ఏ తేడా రాలేదు. పెంట పరీక్షలో ఏమీ లేదని వచ్చినా ధీమా పడకండి, ఆ ముక్కలు రోజూ పడవు. కుక్కల పేల మందు మాత్రం దయచేసి వాడొద్దు. అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి ప్రాణం మీదికొస్తుంది.