బరోలో: ‘చిక్కని’ వైనా, ‘నిండైన’ వైనా?

ఇటలీలోని బరోలో వైనును వర్ణించే ‘ఫుల్ బాడీడ్’ (నోట్లో బరువుగా నిలిచే) అన్న మాటకు తెలుగులో ఏమనాలని నిన్న ఒక సభ్యుడు అడిగితే, ‘చిక్కని’ అని కొందరు, ‘ఘాటైన’ అని కొందరు సూచించారు. ఆ రెండు మాటలూ ఈ వైనుకు అతకవని నా అభిప్రాయం.

‘చిక్కని’ అనగానే మనకు గేదెపాలు, మీగడ పెరుగు స్ఫురిస్తాయి. రంగు విషయంలోనైతే ముదురు ఛాయ తోస్తుంది. బరోలో వీటిలో ఏదీ కాదు. నెబ్బియోలో అనే ఒకే ఒక ద్రాక్షరకంతో చేసే ఈ వైను, గ్లాసులో పోస్తే అవతలి వేళ్లు కనబడేంత పలుచని ఎరుపులో ఉంటుంది. వయసు మీరేకొద్దీ అంచున ఇటుకరంగు తేలుతుంది. కంటికి ఇంత పలుచనైనది నోట్లో బరువుగా నిలవడమే దాని విశేషం. అందులో ఆల్కహాలు 13 శాతానికి తగ్గకూడదని అక్కడి నిబంధన.

ఇక ఘాటు అనేది ముక్కునూ గొంతునూ పట్టుకునే గుణం. అది మన లంక పొగాకుకు చెల్లుతుంది గాని దీనికి కాదు.

‘నిండైన’ అన్న మాటే సరిపోతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ‘ఆయనది నిండైన విగ్రహం’ అంటే లావుపాటి మనిషి అని గోదావరి జిల్లాల్లో ఎవరూ అర్థం చేసుకోరు. ఎక్కడా వెలితి లేని రూపమనే గ్రహిస్తారు. ఆంగ్లపదంలోని ‘శరీరం’ కూడా ఇందులో చెక్కుచెదరకుండా ఒదిగిపోతుంది.

వైనులో నోటిని బిగదీసే పదార్థమైన టానిన్ రుచికి మాత్రం కొత్త మాట అక్కర్లేదు, ‘వగరు’ ఉంది. పచ్చి అరటికాయ ముక్కను కొరికినప్పుడు నాలుక మొద్దుబారి, చిగుళ్లు బిగదీసినట్లయ్యేది ఈ జాతి పదార్థాల వల్లే. అవి లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి నోటిలోని జారుడుతనాన్ని హరిస్తాయి. నెబ్బియోలోలో ఈ వగరు మెండు. అందుకే బరోలోను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మాగబెట్టిన తరువాతే అమ్మాలి. ‘రిజర్వా’ అనే తరగతికి 62 నెలలు పడుతుంది. ఈ లెక్కన, ద్రాక్షతో చేసిందే అయినా, నోట వేసుకోగానే రసమిచ్చే ద్రాక్షాపాకం కాదిది; ఓపిక పట్టినవారికే దక్కే నారికేళపాకం.

ఊరిని బట్టి కూడా విశేషణం మారాలి. ఇది వాయవ్య ఇటలీలోని పియెమోంటే ప్రాంతంలో, ఆల్బా పట్టణానికి నైరుతిగా ఉన్న లాంగే కొండల మీద 11 గ్రామాల పరిధిలోనే తయారవుతుంది. నెబ్బియోలో పండు బాగా ఆలస్యంగా, కొండలను పొగమంచు కమ్మే అక్టోబరు నాటికి పక్వానికి వస్తుంది. లా మోర్రా గ్రామపు వైను సాధారణంగా మృదువుగా, సెర్రలుంగా గ్రామపుది బిగువుగా ఉంటుందంటారు. మొదటిదానికి ‘నిండైన, సుకుమారమైన’ అనీ, రెండవదానికి ‘నిండైన, వగరు బిగువు గల’ అనీ రాయవచ్చు.

ఒక్క క్రియ దగ్గర నాకు సాయం కావాలి. మాగేకొద్దీ వగరు ‘తగ్గింది’ అంటే చప్పగా ఉంది. రావులపాలెం వైపు అరటి రైతులు, గెలలు ముగ్గవేసేవారు దీనికి వాడుకలో ఏ మాట అంటారో తెలిసిన సభ్యులు దయచేసి ఇక్కడ రాయగలరు.