స్కాలర్‌షిప్ ఆగింది: ఆధార్ సీడింగ్ ఇంకా ‘ఇనాక్టివ్’ అనే చూపిస్తోంది

మా అమ్మాయి విజయవాడలో బీఎస్సీ రెండో ఏడాది. ఇంటర్ మార్కుల మీద సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ వచ్చింది, డిగ్రీలో ఏడాదికి రూ.12,000. రెన్యువల్ దరఖాస్తు కాలేజీలో వెరిఫై అయింది. డబ్బు మాత్రం పడలేదు. హాస్టల్ ఫీజుకి దాని మీదే ఆశ పెట్టుకున్నాం.

ఈ డబ్బు ఆధార్‌కి లింకైన ఖాతాలోకే వస్తుందని ఆలస్యంగా తెలిసింది. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఆధార్ ఏ బ్యాంకుకి లింకై ఉందో చూపేది) చూస్తే, ఎనిమిదో తరగతిలో గుంటూరులో తీసిన పాత ఖాతా బ్యాంకు పేరు ఉంది, పక్కన ‘ఇనాక్టివ్’ అని.

జూన్ 9న కొత్త బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇచ్చాం, ముద్ర వేసిన రసీదు నా దగ్గరే ఉంది. 26న మళ్లీ వెళ్తే కౌంటర్‌లో ఉన్న ఉద్యోగిని స్క్రీన్ నావైపు తిప్పి చూపించారు, వాళ్ల దగ్గర లింకైనట్టే ఉంది. ఇంటికొచ్చి సైట్‌లో చూస్తే మళ్లీ పాత పేరే. పాత బ్యాంకులో అడిగితే ఖాతా ఎప్పుడో మూసేశాం, మా చేతుల్లో ఏమీ లేదన్నారు. రెండు చోట్లా తిరిగి నెల గడిచింది, నిజంగా టెన్షన్‌గా ఉంది.

ఇలాంటిది ఎదురైనవాళ్లు చెప్పండి: పాత బ్యాంకు ముందు ఆ లింక్ తీసేస్తేనే కొత్తది ఎక్కుతుందా, లేక కొత్త బ్యాంకే మార్చగలదా?