జిమ్ముకు డబ్బు కట్టకపోతే వ్యాయామం నిలబడదా?

విద్యానగర్ వాకర్:
మా ఆఫీసులో రోజూ అయ్యే వాదన ఇది. "జేబులోంచి డబ్బు పోతే గానీ ఒళ్లు కదలదు" అంటాడు మా పక్క సీటాయన. నేనూ అదే నమ్మి నిరుడు ఫిబ్రవరిలో వీధి చివర జిమ్ముకి ఏడాదికి 14,000 ఒకేసారి కట్టేశా. వేలిముద్ర మిషన్ లెక్క ప్రకారం వెళ్లింది 19 రోజులు. అంటే పూటకి 737 రూపాయలు. రోజుకి లీటరు పాలు పోయించుకునే మా ఇంటికి అది పన్నెండు రోజుల పాల డబ్బు.

ఇది నా ఒక్కడి బద్ధకమే అనుకున్నా. కానీ డెల్లావిగ్నా, మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్ముల హాజరు లెక్కలు మూడేళ్లవి తిరగేసి 2006లో ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టినవాళ్లు సగటున వెళ్లింది నెలకు 4.3 సార్లు. పూటకి 17 డాలర్లు దాటింది. అక్కడే పది పూటల పాసు కొనుక్కుంటే పూటకి 10 డాలర్లతో పోయేది. "రేపట్నుంచి తప్పకుండా వెళ్తాం" అన్న నమ్మకానికే సొమ్ము కడుతున్నాం మనం.

ఏడు నెలలుగా పొద్దున అయిదున్నరకి ఉస్మానియా క్యాంపస్‌లో నడుస్తున్నా. ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్లి వెనక్కి రావడం, అంతే. పైసా ఖర్చు లేదు. జిమ్ము దండగనే నా అభిప్రాయం. కాదనేవాళ్లు చెప్పండి.

కొత్తజీతం:
అన్నా, నడక మంచిదే కానీ సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా చెయ్యమని ఉంది. బరువులెత్తాలంటే జిమ్ముకి పోక తప్పదు కదా?

బీచ్‌రోడ్డు పెద్దాయన:
బాబూ, బరువులకి జిమ్మే కావాలని ఎవరన్నారు? మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి కథలు వింటూ పెరిగిన ఉత్తరాంధ్ర వాళ్లం మేము. తాలింఖానాలో దండేలు, బస్కీలు, కర్లాకట్టలు తిప్పడం, ఇవే మా జిమ్ము. నాకిప్పుడు 68. అయిదు లీటర్ల నూనె డబ్బాలు రెండింటిలో సగానికి ఇసుక పోసి ఎత్తుతాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిహేనుసార్లు లేచి కూర్చుంటాను.

పొద్దున్నపూట ఇక్కడ బీచ్‌రోడ్డు మీద కొంతసేపు బళ్లు ఆపేస్తారు. నలుగురం కలిసి నడుస్తాం. నేను కనపడకపోతే ఆరింటికల్లా ఫోను మోగుతుంది. ఆ ఫోను కోసమే లేచిన రోజులు బోలెడు.

ఒక్కచోట మాత్రం పొదుపు వద్దు. మడమ దగ్గర అరిగి పక్కకి ఒరిగిపోయిన బూట్లతో ఏడాది లాక్కొచ్చాను. 1,500 మిగుల్చుకుందామనుకుంటే మడమనొప్పికి మందులూ ఫిజియోథెరపీ కలిపి దానికి నాలుగింతలు అయింది.

మాధవి, గుంటూరు:
వాకర్ గారూ, మీరు అయిదున్నరకి క్యాంపస్‌లో నడుస్తున్నప్పుడు ఇంట్లో పాలు ఎవరు కాస్తున్నారు? కోపంతో అడగడం లేదు. మీ లెక్కలో ఈ మాట రాలేదు కాబట్టి అడుగుతున్నా.

షుగరు బోర్డర్‌లో ఉంది, నడవమన్నారు డాక్టరు. డాబా మీద మూడుసార్లు మొదలుపెట్టా. నాలుగు చుట్లు తిరగకముందే కిందనుంచి పిలుపు. "అమ్మా, నా సాక్సులేవీ?" "గ్యాస్ అబ్బాయి వచ్చాడు." "ఎలాగూ పైనే ఉన్నావుగా, ఆ వడియాలు కాస్త తిరగెయ్యమ్మా." ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఊరికే నడవడం మా ఇంట్లో పని కింద లెక్కకి రాదు, అంతే.

నిరుడు దసరా వెళ్లాక బ్రాడీపేటలో ఒక ఆడవాళ్ల జిమ్ములో నెలకి 1,200 కట్టి, రశీదు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టా. మొదటి వారమే, నాలుగున్నరకి చెప్పులేసుకుంటుంటే చుట్టాలు దిగారు. నేను చెప్పులు విప్పబోయా. వంటింట్లోంచి మా అత్తగారు, "పన్నెండొందలు పోసింది, వెళ్లనివ్వండి, కాఫీ నేను కలుపుతా" అన్నారు. పెళ్లయిన పదహారేళ్లలో అలాంటి మాట వినడం అదే మొదలు. మెట్లు దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పట్నుంచి ఏ నెలా ఇరవై రోజులకి తగ్గలేదు. పూటకి 60 రూపాయలు. ఆదివారం బయటినుంచి తెచ్చుకునే బిర్యానీ రెండు వారాలకోసారి చేసుకున్నాం, ఆ డబ్బు అందులోంచే వస్తోంది. నన్ను కదిలించడానికి డబ్బు అక్కర్లేదండీ, నేను ముందే కదిలాను. నా గంటని మిగతావాళ్లు ముట్టుకోకుండా ఉండటానికి కట్టాను.

విద్యానగర్ వాకర్:
మాధవి గారూ, పాలు మా ఆవిడే కాస్తోంది. రెండు టిఫిను డబ్బాలూ తనే కడుతోంది. రాత్రి మీరు రాసింది చదివి వినిపించా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అలాంటి ఆడవాళ్ల జిమ్ములు మన దగ్గర కూడా ఉంటాయా?" అని అడిగింది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

దండగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక సందేహం. మూడు రోజులు నేను, మూడు రోజులు తను నడవడానికి వెళ్లేలా వంతులు వేసుకుంటే ఖర్చు లేకుండానే అవుతుంది కదా? తన రోజున పాలూ డబ్బాలూ నావి.

మాధవి, గుంటూరు:
తప్పకుండా చేసి చూడండి. అయితే తన వంతు రోజునే మీకు ఆఫీసులో మీటింగు పడితే ఎవరు ఆగిపోతారో ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో వంతులు చెడిపోయింది అక్కడే. నన్నడిగితే కట్టమనే అంటా. ఏడాదికి మాత్రం వద్దు, నెలకే కట్టండి.

బీచ్‌రోడ్డు పెద్దాయన:
ఏడో రోజు ఇద్దరూ కలిసి వెళ్లండి నాయనా. ఇంతకీ అమ్మాయికి బూట్లున్నాయా? చెప్పులతో పంపకండి.