సీరియల్ సెన్సర్ డ్రైవర్: లాక్ ఉంచితే టైమౌట్, తీస్తే పాత రీడింగ్

నమస్కారమండీ. గాలిలో ధూళిని కొలిచే సెన్సర్‌కి లినక్స్ కెర్నల్‌లో సెర్‌డెవ్ (సీరియల్ లైన్ మీది పరికరాల డ్రైవర్ల కోసం కెర్నల్‌లో ఉన్న వ్యవస్థ) మీద డ్రైవర్ రాస్తున్నాను. లైన్ వేగం 9600 బాడ్, ఫ్రేమ్‌కి (సెన్సర్ ఒక్కసారి పంపే డేటా మూటకి) 32 బైట్లు, అంటే ఒక్కో ఫ్రేమ్ రావడానికి దాదాపు 33 మిల్లీసెకన్లు.

మొదట్లో నా రీడ్ ఫంక్షన్ మ్యూటెక్స్ (ఒకసారి ఒక్కరికే దక్కే లాక్) పట్టుకుని, కమాండ్ పంపి, కంప్లీషన్ (పని అయిందన్న సంకేతం) కోసం ఎదురుచూసేది. రిసీవ్ కాల్‌బ్యాక్ (డేటా రాగానే కెర్నల్ పిలిచే ఫంక్షన్) కూడా బఫర్‌లో రాయడానికి అదే మ్యూటెక్స్ అడిగేది. ఇంకేముంది, ఒకరి కోసం ఒకరు ఆగి ప్రతిసారీ టైమౌటే! రెండు రోజులు వైరింగ్‌ని తిట్టుకున్నాక గానీ తప్పు నాదేనని బుర్రకెక్కలేదు.

ఇప్పుడు ఎదురుచూసే ముందే లాక్ వదిలేస్తున్నాను. రీడింగ్ వస్తోంది కానీ, ఎప్పుడైనా టైమౌట్ అయితే, ఆలస్యంగా దిగిన ఫ్రేమ్ తర్వాతి రీడ్‌ని నిద్రలేపుతోంది. పాత విలువే కొత్తదిగా చెలామణీ అవుతోంది. కమాండ్ పంపే ముందు కంప్లీషన్‌ని మళ్లీ ఇనిషియలైజ్ చేస్తే చాలా? అప్పటికే దారిలో ఉన్న ఫ్రేమ్ ఆ తర్వాత దిగితే మళ్లీ అదే కథ కదా. రీడర్లకి ఒక మ్యూటెక్స్, బఫర్‌కి విడిగా స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ వేచి ఉండే లాక్) పెట్టడం మేలా?

ఇంకొకటి. ఫ్రేమ్ ముక్కలుగా వస్తుంది: ఒకసారి 8 బైట్లు, ఒకసారి 20. సగమే వచ్చినప్పుడు కాల్‌బ్యాక్ నుంచి సున్నా (ఏమీ తీసుకోలేదని) రిటర్న్ చేయాలా, లేక నా బఫర్‌లోకి కాపీ చేసుకుని మొత్తం తీసుకున్నట్టు చెప్పాలా? నాకు రెండోదే నచ్చింది, కానీ రివ్యూకి పంపే ముందు అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఒక మాట చెబితే ధైర్యంగా ఉంటుంది.