వియత్నామీస్‌లో ‘తాంగ్’ అంటే డొక్కు సైకిలా, దాచిపెట్టిన సైకిలా?

ప్రశ్న:
ఒక వియత్నామీస్ కథలో కొడుకు తన తండ్రి సైకిల్‌ను ‘సె డాప్ తాంగ్’ అంటాడు. ‘బావ్ తాంగ్’ అంటే మ్యూజియం కనుక, భద్రంగా దాచిన సైకిల్ కాబోలని చదువుకుంటూ పోయాను. తీరా రెండు పేరాల తరువాత దాని గొలుసు ఊడిపోయింది, పెడల్ ఉండవలసిన చోట ఇనుప కడ్డీ మాత్రమే మిగిలింది. ఈ మాటకు సరైన అర్థం ఏమిటి? చొక్కాకూ, ఇంటికీ, ముసలివారికీ కూడా దీనిని వాడవచ్చునా?

జవాబు 1:
రాతలోనూ స్వరంలోనూ ఒకటిగానే ఉన్నా అవి రెండు వేర్వేరు మాటలండీ. మ్యూజియం పేరులో ఉన్నది చైనా భాష నుంచి వచ్చిన, ‘దాచు’ అనే అర్థం గల మాట. సైకిల్ పక్కన ఉన్నది వాడి వాడి అరిగి, పాడై, చూపుకు ఆనని వస్తువును చెప్పే వాడుకభాషా విశేషణం. మన ‘డొక్కు’ దీనికి చాలా దగ్గర; కాకపోతే డొక్కు నామవాచకానికి ముందు వస్తుంది, తాంగ్ తరువాత వస్తుంది. మనుషుల వయసుకు ఇది పనికిరాదు. దానికి ఉత్తరాదివారు ‘జా’ అనీ, దక్షిణాదివారు ‘యా’ అనీ పలికే మాట వేరే ఉంది. వస్తువు పాతదని మాత్రమే చెప్పాలంటే ‘కూ’ సరిపోతుంది. హనోయ్‌లోని పాత వీధుల పేటను ‘ఫో కో’ అంటారు. ఆ ‘కో’ ప్రాచీనతను చెబుతుంది కనుక అక్కడ తాంగ్ అనడం తప్పే అవుతుంది.

జవాబు 2:
‘కా తాంగ్’ అనే రూపం కూడా మీకు తరచుగా, ముఖ్యంగా బండ్ల విషయంలో, కనిపిస్తుంది. విడిగా ‘కా’ అంటే వంకాయ, కాని ఇక్కడ ఆ అర్థం లేదు. ‘తాంగ్’ అని పలికేటప్పుడు గొంతును కిందికి దించండి. దించకుండా సమంగా పలికితే అది మరణానికి పాటించే శోకాన్ని సూచించే మాట అవుతుంది, కనుక ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చేయవద్దు.

జవాబు 3:
చొక్కాకు తాంగ్ అనవచ్చును గాని, ఒరుసుకుని దారాలు తేలి చివికిన మెడపట్టీకి ‘సన్’ అనే మాట ఇంకా కచ్చితంగా అతుకుతుంది. తలవంచి దూరవలసినంతగా కుంగిన ఇంటికి ‘లుప్ సుప్’ ఉంది. ఇక తాంగ్ సొంత వస్తువు గురించి చెప్పుకుంటే చనువుగా ఉంటుంది, ఎదుటివారి బండిని అంటే నొచ్చుకుంటారు. మీ కథలో ఆ మాట అన్నది కొడుకే కనుక, ఆ వాక్యాన్ని తిరస్కారంగా చదవకండి.