చర్చ: కాన్పుకు ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే బిడ్డలో స్ట్రెస్ హార్మోన్ తగ్గిపోతుందా?

హన్మకొండ చెల్లి:
నాకిప్పుడు 36 వారాలు. ముహూర్తం చూసి వచ్చే వారం ఆపరేషన్ పెట్టుకున్నాం. ముందుగా బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకోమన్నారు. బిడ్డలో స్ట్రెస్ హార్మోన్ నిల్వలు ఖాళీ అవుతాయని మా ఆయన అస్సలు వద్దంటున్నాడు.

పిల్లల ఐసీయూ సిస్టర్, వరంగల్:
చెల్లీ, ఆయన భయం ఉత్తదేం కాదు. కాకపోతే ఆ స్ట్రెస్ హార్మోన్‌ను, అంటే కార్టిసాల్‌ను ఒళ్లు నిల్వ పెట్టుకోదు, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఎప్పటికప్పుడు తయారుచేస్తాయి. తల్లి కార్టిసాల్‌ను మాయ చాలావరకు అడ్డుకుంటుంది. ఈ సూదుల్లో ఇచ్చే స్టెరాయిడ్లు బీటామెథసోన్, డెక్సామెథసోన్ మాత్రం దాటి వెళ్తాయి. అవి అందగానే బిడ్డ మెదడు సొంత తయారీని తగ్గించేస్తుంది. ఒక్క కోర్సే అయితే సాధారణంగా కొన్ని రోజుల్లో, వారాల్లో సర్దుకుంటుంది.

కానీ ఏడో నెలలో నొప్పులొస్తే అస్సలు వెనకాడొద్దు. 30 వారాల పిల్ల ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతుంది, ప్రతి శ్వాసకూ సన్నగా మూలుగుతుంది. చూసి తట్టుకోలేం. మన దేశం కూడా పాల్గొన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన 2020లో వచ్చింది. అందులో 26 నుంచి 33 వారాల మధ్య డెక్సామెథసోన్ ఇచ్చినవారి పిల్లల్లో మరణాలు 19.6 శాతం, ఇవ్వనివారిలో 23.5.

మీ 36 వారాల లెక్క వేరు. 2016లో అమెరికా పరిశోధనలో ఈ వయసు పిల్లలకు ఊపిరి ఇబ్బంది కొంత తగ్గింది, కానీ షుగర్ పడిపోవడం 15 శాతం నుంచి 24కి పెరిగింది.

ములుగు తమ్ముడు:
అక్కా, మా దగ్గర చాలామందికి నెలల లెక్కే సరిగా తెలియదు. 2014 నుంచి ఏఎన్‌ఎంలు కూడా మొదటి డోసు ఇవ్వొచ్చన్నారు. ఎనిమిదో నెల దాటినవాళ్లకు పొరపాటున వేస్తే?

పిల్లల ఐసీయూ సిస్టర్, వరంగల్:
ఆ భయం నాకూ ఉంది తమ్ముడూ. అందుకే మూడో నెలలోపు తీసిన స్కానింగ్ కాగితం దాచుకోమంటాను, లెక్క తేలేది దాంతోనే. అయినా 108 వచ్చేలోపు నిజంగా నెలలు తక్కువున్న తల్లికి సూది ఆపడం నాకు ఇంకా పెద్ద తప్పనిపిస్తుంది.

చెల్లీ, నీకూ బిడ్డకూ ఏ ఇబ్బందీ లేకపోతే 39 వారాలు నిండాక మంచి రోజు చూడమని పంతులుగారిని అడగండి. డాక్టర్‌తో అదే మాట్లాడు. అప్పుడు ఈ సూది అవసరమే రాకపోవచ్చు. ఒకవేళ వేయించుకుంటే, పుట్టగానే మడమ నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూస్తున్నారో లేదో మీ ఆయన్ని దగ్గరుండి కనుక్కోమను.