ఏడు టైటిళ్లు గెలిచిన టీఎస్‌ఎమ్ ఎందుకు కూలింది? తమ్ముడి ఒప్పందం గురించి అడుగుతున్నాను

మహేంద్రతనయ_అక్క (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి పదిహేడేళ్లు, ప్లస్ టూ చదువుతున్నాడు. 2020 లాక్‌డౌన్‌లో నా ఫోన్ లాక్కుని, టీఎస్‌ఎమ్ అనే అమెరికా ఈస్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) సంస్థ పేరుతో మన దేశంలో నడిచిన టీఎస్‌ఎమ్-ఎంటిటీ జట్టు ఆడే పబ్జీ మొబైల్ పోటీలను చూస్తూ కూర్చునేవాడు. ఇప్పుడు తానే రోజూ రాత్రి తొమ్మిదింటికి బీజీఎంఐ (పబ్జీ మొబైల్‌కు మన దేశపు రూపం) స్క్రిమ్స్‌లో, అంటే సాధన మ్యాచ్‌లలో, కూర్చుంటున్నాడు. గత నెలలో ఒక నిర్వాహకుడు జట్టులో చేరమంటూ మూడు పేజీల ఇంగ్లీషు ఒప్పందం పంపాడు. అందులో మా నాన్నగారి సంతకం కూడా కావాలన్నాడు. ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా తమ సంస్థ ఇంకో టీఎస్‌ఎమ్ అవుతుందని చెబుతున్నాడు.

ఆ పేరు గురించి వెతికితే, అమెరికా లీగ్‌లో ఏడుసార్లు గెలిచిన ఆ జట్టు 2023లో లీగ్‌నే వదిలి వెళ్లిపోయిందని తెలిసింది. అంత పెద్ద జట్టుకు ఆట చేతకాకుండా పోయిందా, లేక డబ్బు దగ్గర దెబ్బతిన్నదా? తెలిసినవారు కొంచెం వివరంగా చెప్పగలరు. తమ్ముడు నా మాట వినడు గానీ ఆట తెలిసినవాళ్ల మాట వింటాడు.

జయపురం_చూపరి

అమ్మా, నేను ఆ లీగ్‌ను 2014 నుంచి, కోడి కూయకముందే లేచి చూసినవాణ్ణి. అక్కడి మధ్యాహ్నం మనకు తెల్లవారుజాము కదా. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ ఆట ఆడేవారికి మెళకువలు చెప్పే ఒక వెబ్‌సైటు నుంచి పుట్టిన జట్టు అది. దాన్ని నడిపిన ఆండీ డిన్ మొదట్లో తానే మిడ్ (మధ్య దారి) స్థానంలో ఆడేవాడు. 2011లో జరిగిన తొలి ప్రపంచ పోటీలో మూడో స్థానం తెచ్చుకున్నారు. 2013లో మీరు చెప్పిన అమెరికా లీగ్, అంటే ఎల్‌సీఎస్, మొదలైతే మొదటి టైటిల్ వాళ్లదే అయింది. ఆ ఏడాది చివర ఆండీ ఆట మానుకుని, తన స్థానాన్ని డెన్మార్క్ కుర్రాడు బ్యెర్గ్‌సెన్‌కు ఇచ్చాడు. యజమాని తనకంటే బాగా ఆడేవాడికి కుర్చీ వదలడం చాలా అరుదు కాబట్టి, ఆ జట్టు తీసుకున్న నిర్ణయాలన్నింటిలోకీ నాకు నచ్చింది అదే. మిగిలిన ఆరు టైటిళ్లూ అతడు ఆడుతుండగానే వచ్చాయి.

ఆఖరి టైటిల్ 2020 వేసవిది. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో 0-3తో ఓడి, ఓడినవారికి మరో అవకాశం ఇచ్చే కింది బ్రాకెట్‌లోకి పడిపోయి, అక్కడి నుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి గెలిచారు. ఆ తరువాత ఉత్తర అమెరికా మొదటి సీడ్‌గా షాంఘైలో ప్రపంచ పోటీకి వెళ్లి, గ్రూప్ దశలో ఆరు ఆటలు ఆడి ఆరూ ఓడారు. బ్యెర్గ్‌సెన్ ఆట మానేసి కోచ్ అయ్యాడు. ఎల్‌సీఎస్ టైటిల్ ఆ జట్టుకు మళ్లీ దక్కలేదు.

ఇక్కడే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. ఆరుకు ఆరూ ఓడిన రెండు నెలలకు, 2020 డిసెంబరులో, ఫోర్బ్స్ పత్రిక ఆ సంస్థ విలువను 41 కోట్ల డాలర్లుగా కట్టి ఈస్పోర్ట్స్ సంస్థలన్నింటిలో మొదటి స్థానం ఇచ్చింది. 2022లో 54 కోట్లన్నారు. ఆట కిందికి జారుతుంటే లెక్క పైకి ఎగబాకింది. మధ్యలో, 2021 జూన్‌లో, ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో సంస్థ పదేళ్లకు 21 కోట్ల డాలర్లు ఇస్తానని ఒప్పుకుని జట్టు పేరు చివర తన పేరు తగిలించుకుంది. అయితే ఆట సొంతదారైన రయట్ సంస్థ ఆ కొత్త పేరును ఎల్‌సీఎస్‌లో వాడనివ్వలేదు. తన లీగ్‌లో జట్టు ఏ పేరుతో ఆడాలో కూడా దాని యజమాని చేతిలో లేదన్నమాట. 2022 నవంబరు 11న ఎఫ్‌టీఎక్స్ దివాలా తీసింది, ఐదు రోజులకు టీఎస్‌ఎమ్ ఆ ఒప్పందాన్ని నిలిపివేసింది. 2023 మే నెలలో ఎల్‌సీఎస్‌ను వదులుతున్నట్టు ప్రకటించి, లీగ్‌లో తమ స్లాట్‌ను (చోటును) షాపిఫై రెబెలియన్ అనే మరో సంస్థకు అమ్మేశారు.

అదే ఏడాది సెప్టెంబరులో టీఎస్‌ఎమ్ వారి అపెక్స్ లెజెండ్స్ (అది వేరే ఆట) జట్టు బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆడటం చేతనైన పిల్లలు అప్పటికీ ఆ గొడుగు కింద ఉన్నారు.

రాయగడ_సపోర్ట్

పైన రాసినవారు దూరదేశం సంగతి చెప్పారు, నేను మన ఫోన్ ఆటల సంగతి చెబుతాను. 2020 ఆగస్టులో మన దేశపు ఆరెంజ్ రాక్ జట్టు పబ్జీ మొబైల్ వరల్డ్ లీగ్ తూర్పు విభాగంలో ఇండోనేషియా వారి బిగెట్రాన్ తరువాత రెండో స్థానంలో నిలిచింది. నెల తిరగకుండా, సెప్టెంబరు 2న, ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో ఆ ఆట కూడా ఉంది. తూర్పు విభాగంలో రెండో స్థానానికి చేరినవాళ్లకు ఆడుకోవడానికి ఆటే లేకుండా పోయింది. మీ తమ్ముడు చూసిన టీఎస్‌ఎమ్-ఎంటిటీ జట్టు కింద నేల కదిలింది కూడా ఆ రోజే.

2021 జులై 2న బీజీఎంఐ వచ్చాక నేను, మరో ముగ్గురు, ఒక అదనపు ఆటగాడు కలిసి జట్టు కట్టాం. ఒకాయన విశాఖలో గది అద్దెకు తీసి, నెలకు తలా ఎనిమిది వేలు ఇస్తానన్నారు. నాది సపోర్ట్ పాత్ర, అంటే తోటివారికి అండగా ఉండటం. మా ఐజీఎల్, అంటే ఆట మధ్యలో జట్టును నడిపించేవాడు, గుణుపురం కుర్రాడు. వాడు జోన్ (ఆటలో ప్రమాదం లేని చోటు) ఎటు కుదించుకుంటుందో చెబితే తప్పేది కాదు. రాయగడలో వాన పడితే కరెంటు పోయి ఆట మధ్యలో ఆగిపోయిన రోజులు చూసిన మాకు ఆ గది స్వర్గంలా అనిపించింది. 2022 జులై 28 రాత్రి స్క్రిమ్స్ ముగించి చూస్తే, స్టోర్‌లో బీజీఎంఐ కనిపించలేదు. ఫోన్‌లో ఉన్న ఆట నడుస్తూనే ఉంది గానీ పోటీలు ఆగిపోయాయి. మరునాటి నుంచి ఆయన ఫోన్ ఎత్తలేదు, రెండు నెలల డబ్బు ఇప్పటికీ రాలేదు. 2023 మే నెలలో ఆట తిరిగి వచ్చేసరికి ఐజీఎల్ పాలిటెక్నిక్‌లో చేరాడు, నేను మా మామయ్య మందుల దుకాణంలో కూర్చున్నాను. మేము చేతులు కలిపి సంతకం చేసిన కాగితంలో ఆట ఆగిపోతే ఏమవుతుందన్న మాటే లేదు. మీ మూడు పేజీల్లో ఆ మాట ఉందేమో ముందు చూడండి.

బరంపురం_వకీలు

జయపురం వారు చెప్పిన దానితో నాకు కొంత పేచీ ఉంది. నేరమంతా ఎఫ్‌టీఎక్స్ మీదా, ఆట సొంతదారు మీదా వేస్తే యజమాని సులువుగా తప్పించుకుంటాడు. ఆండీ డిన్ తన కింద పనిచేసేవారిని అవమానించి బెదిరించే తీరు నిజమేనని విచారణలో తేలి, 2022లో లీగ్ ఆయనకు 75 వేల డాలర్ల జరిమానా వేసి రెండేళ్లు పరిశీలనలో ఉంచింది. జట్టును లోపలివారు కూడా కూల్చగలరు. 2018 అక్టోబరులో ఆప్టిక్ ఇండియా జట్టు షాంఘైలో కౌంటర్-స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడుతుండగా, ఒక ఆటగాడి కంప్యూటర్‌లో వర్డ్ పేరుతో దాచిన మోసపు ప్రోగ్రామ్ దొరికింది. పాపం ఒకడిదే అయినా జట్టు మొత్తాన్నీ రద్దు చేశారు. అతడికి ఐదేళ్ల నిషేధం పడింది.

ఇక మీ కాగితం విషయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. మీ తమ్ముడి సంతకానికి విలువ లేదని నిర్వాహకుడికి తెలుసు గనుకే మీ నాన్నగారి సంతకం అడుగుతున్నాడని నా అనుమానం. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఆ సొమ్ముకు హామీ ఎవరు అన్న వాక్యం కోసం వెతకండి, అది తప్పక ఉంటుంది. జీతం ఏ తేదీన ఇస్తారో, బహుమతి సొమ్ములో ఎవరి వాటా ఎంతో, ఫోన్ ఎవరి సొత్తో అంకెలతో సహా రాయించండి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈస్పోర్ట్స్‌ను గుర్తించి డబ్బు పందెపు ఆటలను నిషేధించింది. అందువల్ల ఆ జట్టు ప్రాయోజకుడు ఎవరో, అతడి వ్యాపారం ఏమిటో కూడా అడగడం అవసరం.

మహేంద్రతనయ_అక్క (పర్లాకిమిడి)

అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారూ, మీరు చెప్పిన వాక్యం రెండో పేజీలో దొరికింది. ఏడాది లోపు మానేస్తే లక్షన్నర కట్టాలని, దానికి తండ్రి హామీ అని ఉంది. ఆట నిలిచిపోతే ఏమిటన్నది ఎక్కడా లేదు. నిర్వాహకుడిని అడిగితే, అప్పుడు వేరే ఆటకు మారుస్తామన్నారు. స్పీకర్‌లో వింటున్న తమ్ముడు, తనకు మరో ఆటలో ర్యాంకే లేదని నవ్వేశాడు. తరువాత రాయగడ వారి జవాబును రెండుసార్లు చదివి, వారి ఐజీఎల్ ఇప్పుడూ ఆడుతున్నారా అని అడగమన్నాడు. కాగితం ప్రస్తుతం నాన్నగారి పంచాంగం కింద ఉంది. తొమ్మిది కావస్తోంది, వాడు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.